బండి కింద తుప్పు, చేతిలో బిల్లు: కారు సబ్‌ఫ్రేమ్ పెయింటింగ్‌పై తరచూ అడిగే ప్రశ్నలు

విశాఖలో బీచ్‌కి దగ్గర వీధుల్లో ఉండేవాళ్లకు తుప్పు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గేటు గొళ్లెం, కిటికీ ఊచలు, బాల్కనీలో ఏసీ స్టాండు, అన్నిటినీ ఉప్పుగాలి ఏడాది తిరక్కుండానే పట్టుకుంటుంది. కారు సంగతి మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, తినేయడమంతా కింద జరుగుతుంది. ఇంజన్ బరువు, స్టీరింగ్ ర్యాక్, చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు ఆధారపడే ఉక్కు చట్రమే సబ్‌ఫ్రేమ్. మన షెడ్లలో దాన్నే ‘క్రాస్ మెంబర్’ అంటారు. అది విరిగితే స్టీరింగ్ చేతిలో ఉన్నా చక్రం మన మాట వినదు.

దానికి పెయింట్ వేయించే విషయంలో చట్టం ఏం చెబుతుంది, మనకు ఏ హక్కులున్నాయి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఈ పనిలో ఒక చిక్కుంది. నల్ల పెయింట్ పడ్డాక దాని కింద ఏముందో ఎవరికీ కనబడదు. అందువల్ల ఇక్కడ హక్కులన్నీ పెయింట్ పడకముందు తీసిన ఫొటో మీద, రాయించుకున్న కాగితం మీద నిలబడతాయి. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

సబ్‌ఫ్రేమ్‌కి పెయింట్ వేయించాలంటే ఆర్టీఓ అనుమతి కావాలా?

అక్కర్లేదు. ఆర్‌సీలో రాసే రంగు బాడీ రంగు. కింది చట్రానికి నలుపు వేసినా బూడిద రంగు వేసినా ఆర్‌సీలో మార్చాల్సిందేమీ ఉండదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుకునేది వేరే సంగతిని: తయారీదారు నిర్దేశించిన దానికి, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌కు గట్టి అర్థమే చెప్పింది.

తుప్పు గోకి, శుభ్రం చేసి, పెయింట్ వేయడం మరమ్మతు కిందికే వస్తుంది. అదే కంపెనీ, అదే మోడల్ కొత్త సబ్‌ఫ్రేమ్ బిగించడమూ మరమ్మతే. వేరే మోడల్ చట్రాన్ని కోసి, అతికి, పట్టీలు వెల్డింగ్ చేసి కూర్చోబెడితే మాత్రం సెక్షన్ 182ఎ గుర్తుపెట్టుకోవాలి. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

పెయింట్ పనిలో ఛాసిస్ నంబర్ కనబడకుండా పోతే?

ఇది అందరూ తేలిగ్గా తీసుకుని తర్వాత ఇబ్బందిపడే విషయం. మామూలు కార్లలో ఛాసిస్ నంబర్ సీటు కింద ఫ్లోర్ మీదో, ఇంజన్ వెనక గోడ మీదో ఉంటుంది కాబట్టి సబ్‌ఫ్రేమ్ పనితో ప్రమాదం తక్కువ. బొలేరో, స్కార్పియో లాంటి నిచ్చెన చట్రం బండ్లలో నంబర్ ఆ చట్రం మీదే కొట్టి ఉంటుంది. అక్కడ గ్రైండర్ ఆడించినా, శాండ్ బ్లాస్టింగ్ చేసినా, మందంగా అండర్‌కోటింగ్ కొట్టినా అక్షరాలు అరిగిపోతాయి లేదా పూడిపోతాయి. రేపు బండి అమ్మబోయేటప్పుడో, ఆర్‌సీ రెన్యువల్ అప్పుడో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ముద్ర రాదు. ముద్ర రాని బండిని దొంగబండేమోనని అనుమానించడం ఆయన ఉద్యోగ ధర్మం.

పనికి ముందే నంబర్‌కు దగ్గరగా ఫొటో తీసుకోండి. మీ ఎదుటే దాని మీద మాస్కింగ్ టేప్ వేయించండి. ఆ చోటికి పలచని పారదర్శక పూతో, కాస్త గ్రీజో చాలు. ‘నంబర్ ఉన్న చోట గ్రైండింగ్ లేదు’ అన్న ముక్క జాబ్ కార్డులో ఉండాలి.

‘సరిగ్గా చేయలేదు’ అని చట్టం ముందు ఎలా చెప్పాలి? సరైన పని అంటే ఏమిటి?

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ‘సేవాలోపం’ అన్నప్పుడు పని నాణ్యతలో, చేసిన పద్ధతిలో లోటును లెక్కలోకి తీసుకుంటుంది. చట్టం కోరిన దానికైనా, ఒప్పందంలో ఒప్పుకున్న దానికైనా తక్కువ చేస్తే అది లోపం. చట్టం సబ్‌ఫ్రేమ్‌కు ఎన్ని కోట్లు వేయాలో చెప్పదు. కాబట్టి ఒప్పందమే ఆధారం. ‘అండర్‌బాడీ పెయింటింగ్ – రూ.ఇంత’ అని ఒక్క లైను రాసిన బిల్లు పట్టుకుని వెళితే, షెడ్డాయన ‘పెయింట్ వేశాను కదండీ’ అంటాడు. ఆ మాటకు జవాబు ఉండదు.

అందుకని పని దశలు తెలుసుకుని, వాటినే రాయించుకోవాలి. ముందు కడగడం, ఆపైన జిడ్డు వదిలించడం. ఈ వరస తప్పితే, గోకే వైర్ బ్రష్షే ఆయిల్ మరకను ఇనుములోకి పులుముతుంది. తర్వాత వదులుగా ఉన్న తుప్పు పొట్టంతా వైర్ వీల్‌తో, ఎమరీ పేపర్‌తో ఊడదీయాలి. గుంటల్లో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూస్తే తుప్పు ఐరన్ ఫాస్ఫేట్‌గా మారి నిలుస్తుంది. పొట్టు మీద కన్వర్టర్ పోస్తే పొట్టే రంగు మారుతుంది, అడుగున ఇనుము అలాగే ఉంటుంది. అది ఆరాక డబ్బా మీద చెప్పిన ప్రకారం కడిగి లేదా తుడిచి, ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. దాని మీద టాప్ కోటు లేదా అండర్‌కోటింగ్. చివరగా చట్రం లోపలి బోలు భాగాల్లోకి సన్నటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ కొట్టాలి. సబ్‌ఫ్రేమ్‌ను తుప్పు ఎక్కువగా తినేది లోపలి నుంచే. బయట ఎన్ని కోట్లు వేసినా లోపల తడి నిలిస్తే లాభం లేదు. నీళ్లు పోయే రంధ్రాలను పెయింట్‌తో పూడ్చడం మన షెడ్లలో నేను తరచూ చూసే తప్పు.

పెయింట్ పడకూడని చోట్లు కూడా కాగితం మీద ఉండాలి: బోల్టు కూర్చునే ముఖాలు, నట్ల మరలు, బుష్‌లు దిగే గుంతలు, ఎర్త్ వైరు బిగించే చోటు. బోల్టు కింద మందపాటి పెయింట్ ఉంటే బండి నడిచేకొద్దీ అది నలిగి, బోల్టు బిగువు సడలుతుంది. సబ్‌ఫ్రేమ్ దింపి మళ్లీ బిగించినప్పుడు టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంత బిగించాలి. కొన్ని బోల్టులను ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదని కంపెనీ సర్వీస్ పుస్తకమే చెబుతుంది. ఆపైన వీల్ అలైన్‌మెంట్ తప్పదు. ఇవన్నీ కలిపి అంచనా అడగండి. లేకపోతే చివర్లో ఒక్కొక్కటీ విడిగా వచ్చి బిల్లుకు చేరతాయి.

వాతావరణం కూడా పనిలో భాగమే. గాలిలో తేమ 85 శాతం దాటితే పెద్ద పరిశ్రమల్లో పెయింట్ పని ఆపేస్తారు. అంత తేమలో గోకిన ఇనుము మీద కొద్ది గంటల్లోనే సన్నగా మళ్లీ తుప్పు తేలుతుంది. ఆగస్టులో కాకినాడలో, విశాఖలో ఆరుబయట ఈ పని చేయించకండి. సంక్రాంతి తర్వాతి పొడి రోజులు మంచివి.

తుప్పు మీదే నల్ల పెయింట్ కొట్టేశారు. ఇప్పుడేం చేయాలి?

నాకు జరిగిందీ ఇదే. ఎనిమిది నెలల తర్వాత, వర్షాకాలం మధ్యలో, టైరు మార్చే కుర్రాడు కింద చేయి పెట్టి చూపించాడు. పెయింట్ అరచేయంత పలకగా ఊడి వచ్చింది, దాని వెనక ఎర్రటి పొట్టు అంటుకుని ఉంది. గోకకుండా వేశారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ నా దగ్గర బిల్లు లేదు. నగదు ఇచ్చి, నమ్మకంతో తాళాలు తీసుకుని వచ్చేశాను. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఈ జవాబులు రాయడానికి ఒక కారణం అది.

మీరు మాత్రం ఊడిన పలకను పారేయకండి. తేదీ కనబడేలా ఫొటో, వీడియో తీసి, ఆ ముక్కను సంచిలో దాచండి. మరో చోట గోకించే ముందు షెడ్డుకు రాతపూర్వకంగా తెలియజేసి, చూసి సరిచేయడానికి గడువు ఇవ్వండి. వాట్సాప్ పనికొస్తుంది, రిజిస్టర్డ్ పోస్టు ఇంకా మేలు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం రూ.50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే చాలు. రూ.5 లక్షల లోపు వ్యవహారానికి దాఖలు రుసుము లేదు. షెడ్డు మరో ఊళ్లో ఉన్నా, మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి.

బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి. ‘మాకు జీఎస్టీ లేదండీ’ అనే చిన్న షెడ్డు కూడా సంతకం చేసిన రసీదు ఇవ్వాలి. పన్ను నమోదు లేకపోవడం వేరు, రసీదు లేకపోవడం వేరు.

చట్రానికి చిల్లు పడింది. పట్టీ వెల్డింగ్ చేసి పెయింట్ వేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగే ఇనుము పెయింట్‌తో బాగయ్యే దశ దాటిపోయింది. చాలా సబ్‌ఫ్రేమ్‌లు పలచని, గట్టి ఉక్కు రేకుతో చేస్తారు. తెలియని చేతులు వెల్డ్ చేస్తే వేడికి ఆ చుట్టుపక్కల ఉక్కు బలం మారిపోతుంది. దాన్ని మార్చడమే దారి. ధర చూసి పాత సామాన్ల అంగట్లో తెచ్చుకోవాలనుకుంటే, తెచ్చిన దాన్ని పెయింట్ వేయకముందే గోకి చూడండి.

బయట షెడ్డులో చేయిస్తే కంపెనీ వారంటీ పోతుందా?

‘బయట చేయి పెడితే వారంటీ మొత్తం పోతుంది’ అనే బెదిరింపు పాతదే. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు రూ.2,545 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు బయటి మెకానిక్‌లకు దొరకనివ్వకపోవడం, బయట మరమ్మతు చేయిస్తే వారంటీ లేదనడం ఆ కేసులో ముఖ్యమైన ఆరోపణలు. జరిమానాల మీద అప్పీళ్లు నడిచాయి గానీ, ఆ ఉత్తర్వు లేవనెత్తిన ప్రశ్న నిలిచింది. 2022 డిసెంబర్ 24న కేంద్రం మొదలుపెట్టిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో వాహనాల రంగమూ ఉంది.

వాస్తవంగా చూస్తే ఇలా ఉంటుంది. సబ్‌ఫ్రేమ్ దింపి ఎక్కించిన తర్వాత స్టీరింగ్‌లో చప్పుడొస్తే, ఆ పని వల్లే వచ్చిందని కంపెనీ ఆ భాగం వరకు నిరాకరించే అవకాశం ఉంది. ఏసీ కంప్రెసర్‌కు, సబ్‌ఫ్రేమ్ పెయింట్‌కు సంబంధం అంటగడితే రాతపూర్వక కారణం అడగండి. సముద్రపు గాలి వల్ల వచ్చే తుప్పుకు వారంటీ వర్తించదని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు తీరంలో కొనేవాళ్లు ఆ పేజీని సంతకానికి ముందే చదవాలి.

కొత్త కారుతో పాటు అండర్‌కోటింగ్ ప్యాకేజీ తీసుకోవాల్సిందే అంటున్నారు.

తీసుకోవాల్సిన పనిలేదు. ఒకటి కొనాలంటే మరొకటి కూడా కొనాలని షరతు పెట్టడం వినియోగదారుల చట్టం దృష్టిలో నిర్బంధ వ్యాపార పద్ధతి. అలాగని అండర్‌కోటింగ్ చెడ్డదేం కాదు, తీరప్రాంతంలో కొత్త ఇనుము మీద వేస్తే మేలే. కావాలనుకుంటే ఏ సరుకు, ఎక్కడెక్కడ వేస్తారు, ఎన్నేళ్ల హామీ అన్నవి విడి బిల్లులో రాయించుకోండి. తుప్పు పట్టిన పాత బండి మీద రబ్బరు తారు కోటింగ్ ఒక్కటే కొట్టించడం మాత్రం హాని. తడి లోపలే చిక్కుకుంటుంది.

వరదలో మునిగిన బండికి ఇన్సూరెన్స్ ఈ ఖర్చు ఇస్తుందా?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచినప్పుడు వందల ఇళ్ల ముందు కార్లు బురదలో నానాయి. ఓన్ డ్యామేజ్ పాలసీ ఉంటే వరద నష్టానికి రక్షణ ఉంటుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే లేదు. కానీ ‘అరుగుదల, కాలక్రమ క్షీణత’ మినహాయింపుల్లో ఉంటాయి, తుప్పును అందులోకే నెడతారు. సబ్‌ఫ్రేమ్ బోలులో చేరిన ఒండ్రు ఆరు నెలల తర్వాత తుప్పై బయటపడితే, అది వరద వల్లనే అని రుజువు చేయడం కష్టం.

కాబట్టి సర్వేయర్ వచ్చిన రోజే మాట్లాడాలి. సబ్‌ఫ్రేమ్ లోపల కడగడం, ఆరబెట్టడం, వ్యాక్స్ కొట్టడం మొదటి అంచనాలోనే చేర్చమని రాసి ఇవ్వండి. రంధ్రాల్లోంచి కారే బురదను వీడియో తీయండి. క్లెయిమ్‌లో పెయింట్ ఖర్చు మొత్తం రాదని కూడా తెలుసుకోవాలి. పెయింటింగ్‌లో సరుకు ఖర్చు మీద 50 శాతం తరుగు తీస్తారు. బిల్లులో సరుకు, కూలి విడదీయకపోతే మొత్తంలో 25 శాతాన్ని సరుకుగా లెక్కేస్తారు. ఇనుప భాగం మార్చితే బండి వయసును బట్టి తరుగు: అయిదేళ్లు దాటి పదేళ్లలోపు బండికి 40 శాతం, పదేళ్లు దాటితే 50. జీరో డెప్ (తరుగు తీయని అదనపు కవర్) తీసుకున్నవారికి ఆ పాలసీ షరతులను బట్టి ఈ కోత తప్పుతుంది.

పాలసీలో మరో షరతుంది: బండిని సక్రమమైన స్థితిలో ఉంచడం యజమాని బాధ్యత. తుప్పుతో చట్రం విరిగి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ఈ షరతునే ముందు పెడుతుంది. అప్పుడు మీరు చేయించిన పని బిల్లులే మీకు అండ. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు రాసి 30 రోజులు చూడండి. తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వెళ్లొచ్చు, అందుకు ఏడాది గడువు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఫోన్ నంబర్ 155255.

సెకండ్ హ్యాండ్ కారు కింద కొత్త నలుపు వేసి అమ్మారు, లోపలంతా తుప్పే.

ఎవరు అమ్మారన్నది ముఖ్యం. డీలర్ అయితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఓ దగ్గర అధీకృత ధ్రువపత్రం తీసుకోవాలి, అది అడిగి చూడండి. పక్కింటాయన తన సొంత కారు అమ్మితే ఆయన వ్యాపారి కాదు. అక్కడ కాంట్రాక్టు చట్టం 1872 ఉంది. తెలిసిన లోపాన్ని కప్పిపుచ్చి అమ్మడం మోసమైతే ఒప్పందాన్ని రద్దు చేయమని సివిల్ కోర్టును అడగొచ్చు. ఏడేళ్ల కారు కింద మాత్రమే కొత్త పెయింట్ వాసన వస్తుంటే, ర్యాంపు ఎక్కించి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

పదిహేనేళ్లు నిండిన కారుకు రెన్యువల్ వస్తుందా?

సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఫారం 25తో, గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తనిఖీలో నెగ్గితే ఇంకో అయిదేళ్లు. రూ.600 ఉండే రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.5,000 అయింది. పెయింట్ లేనంత మాత్రాన ఎవరూ తిరస్కరించరు, బలం పోయిన చట్రాన్ని తిరస్కరించాలి. తనిఖీకి ముందు రోజు హడావిడిగా నలుపు కొట్టించడం మీ ప్రాణంతో మీరే బేరమాడటం.

ఇంటి ముందే నేనే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కొన్ని హద్దులతో. నివాస ప్రాంతంలో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. గ్రైండర్, కంప్రెసర్ ఈ పరిమితిని సులువుగా దాటేస్తాయి, పొరుగువారికి ఫిర్యాదు చేసే హక్కుంది. మిగిలిన థిన్నర్‌ను కాలువలో పోయకండి. అది మురుగునీటితో పోయి సముద్రంలోనో చెరువులోనో తేలుతుంది. ఇంటి గోడల పెయింట్‌లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016 నిబంధనలున్నాయి. అవి ఇంటి, అలంకరణ పెయింట్లకే పరిమితం. బండి ప్రైమర్ డబ్బాకు ఆ హామీ ఉందనుకోకండి, పిల్లల దగ్గర పాత పెయింట్ పొడి లేపకండి.

హార్డెనర్ కలిపి కొట్టే 2కే పెయింట్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం పట్టుకోవచ్చు, ఒకసారి పడకుండా పోతే జీవితాంతం పడదు. గుడ్డ కట్టుకున్నా, కరోనా నాటి మాస్కు పెట్టుకున్నా ఆగవు. ఇంట్లో అయితే బ్రష్‌తో వేసే ఎపాక్సీయే మంచిది, దానికీ చేతి తొడుగులు, గాలాడే చోటు ఉండాలి. నది ఇసుకతో బ్లాస్టింగ్ చేసే షెడ్డుకు బండి ఇవ్వకండి. ఆ దుమ్ములోని సిలికా పనిచేసే కుర్రాళ్ల ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. చట్టం దాన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది, అది నయమయ్యేది కాదు. గార్నెట్‌తో, స్టీల్ గ్రిట్‌తో చేసేవాళ్లున్నారు, వాళ్లను వెతకండి.

అమెరికాలో మా అబ్బాయి కారుకూ ఇదే సమస్య. అక్కడ హక్కులు వేరా?

వేరే. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల అక్కడ సబ్‌ఫ్రేమ్ తుప్పు భద్రతా లోపంగా రీకాల్ దాకా వెళ్లింది. 1999–2003 మోడళ్ల ఫోర్డ్ విండ్‌స్టార్ వ్యాన్లను ఉప్పు వాడే రాష్ట్రాల్లో ఇందుకే వెనక్కి పిలిచారు. అక్కడి ప్రభుత్వ సైట్‌లో విన్ (ఛాసిస్) నంబర్ కొట్టి రీకాల్ ఉందేమో చూసుకోమనండి, ఉంటే మరమ్మతు ఉచితం. మన దగ్గర కూడా 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో రీకాల్ కోసం సెక్షన్ 110ఎ వచ్చింది, 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఏడేళ్లలోపు బండ్లకు వర్తిస్తుంది. ఒకే మోడల్‌లో ఒకే చోట తుప్పు పలువురికి వస్తే వేర్వేరుగా తిట్టుకోవడం మాని, అందరూ ఫిర్యాదు నమోదు చేయండి. రీకాల్ కదిలేది ఫిర్యాదుల సంఖ్యతోనే.

బిల్లు మీద గొడవ. షెడ్డు వాళ్లు బండి ఇవ్వనంటున్నారు.

కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 వాళ్లకు కొంత హక్కు ఇచ్చింది. నైపుణ్యం పెట్టి ఒప్పుకున్న ప్రకారం పని చేసినవాడు కూలి అందేదాకా ఆ వస్తువును ఉంచుకోవచ్చు. సాన పట్టిన వజ్రాన్ని నగల పనివాడు ఆపుకోవడాన్ని ఆ చట్టమే ఉదాహరణగా చెబుతుంది. అయితే ఆ హక్కు ఆ పని కూలికే పరిమితం. పోయినేడాది బ్యాటరీ బాకీ కింద ఈసారి కారు ఆపడం కుదరదు. అంచనాలో లేని, మీరు ఒప్పుకోని పనికి డబ్బు అడుగుతూ ఆపడమూ కుదరదు. బండి వాళ్ల దగ్గరున్నన్నాళ్లూ సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవడం సెక్షన్ 151 ప్రకారం వాళ్ల బాధ్యత.

అత్యవసరమైతే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి, ఫొటో తీసుకుని, డబ్బు ఆన్‌లైన్‌లో కట్టి బండి తెచ్చుకోండి. తర్వాత వినియోగదారుల కమిషన్‌లో తేల్చుకోవచ్చు. బయటికి తీసే ముందు అక్కడే ర్యాంపు మీద కింద ఒకసారి చూడండి. నీళ్ల రంధ్రాలు తెరిచి ఉన్నాయా, బోల్టుల మీద టార్క్ చేసిన గుర్తు గీత ఉందా, ఛాసిస్ నంబర్ చదవడానికి వస్తోందా. లేనిది ఏదైనా ఉంటే అదే బిల్లు మీద, సంతకం చేసే ముందే రాయండి.